అద్దపు తొట్టె, ఊరి చెరువు



వెనుకటి కాలమున మన పల్లెలవారు చెన్నపట్నము పోయినప్పుడు చూచివచ్చిన వస్తుప్రదర్శనశాలను ‘చచ్చిన కాలేజి’ యనియు, జంతుప్రదర్శనశాలను ‘బ్రతికిన కాలేజి’ యనియు చెప్పుకొనెడివారు. వీనికి తోడు 1909వ సంవత్సరమున అచ్చటి సముద్రపుటొడ్డున మత్స్యప్రదర్శనశాల యొకటి వెలసినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున అది మూతపడినది. నేడు అట్టి శాలలు పెక్కు నగరములందు కలవు. ప్రయాణమున వానిని దర్శించువారు రంగురంగుల చేపలను చూచి ఆనందింతురు. కాని చేపలతోపాటు గమనింపదగినది మరియొకటి అచ్చట కలదు. అది నీరు.

అద్దపు పలకల నడుమ నిలిచిన నీరు కుళ్లకుండుట ఎట్లు? అందలి చేపకు ఊపిరి ఎట్లాడును? ఇది తెలిసినచో మన ఊరి చెరువు సంగతియు తెలియును.

మనకువలెనే చేపకును ప్రాణవాయువు కావలెను. మనము దానిని గాలినుండి గ్రహింతుము. చేప నీటిలో కరగియున్న దానిని మొప్పలతో గ్రహించును. లీటరు గాలిలో ప్రాణవాయువు సుమారు 210 మిల్లీలీటర్లుండగా, వేసవి నీటిలో లీటరునకు ఆరు మిల్లీలీటర్లయినను ఉండదు. నీరు వేడెక్కినకొలది అదియు తగ్గును. కావుననే తొట్టెలలో సన్నని గొట్టముద్వారా గాలిబుడగలను ఎడతెగక వదలుచుందురు. బుడగలవలన నీరు కదలును. కదలిన నీరు గాలిని ఎక్కువగా గ్రహించును.

రెండవది మాలిన్యము. చేపలు విసర్జించు అమ్మోనియా వానికే విషము. తొట్టె నీటిని ఇసుకగుండ పారించినచో, ఇసుకరేణువుల నంటియుండు సూక్ష్మజీవులు ఆ విషమును రెండంచెలలో నైట్రేటుగా మార్చును. అది చేపలకు అంతగా కీడు చేయదు, మొక్కలకు ఎరువగును.

లండను నగరమున రాబర్టు వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక తొట్టెలో రెండు బంగారుచేపలను, నీటిమొక్కను ఉంచెను. మొక్క ప్రాణవాయువు నిచ్చెను గాని, దాని ఆకులు కుళ్లి నీరు చెడజొచ్చెను. అంతట ఆయన నత్తలను వేసెను. అవి కుళ్లిన ఆకులను తినివేయగా నీరు తేటపడెను. ఈ సంగతిని ఆయన 1850లో ప్రకటించెను. 1853లో లండను జంతుశాలయందు ప్రజలకై చేపలశాల తెరువబడినది.

ఇక మన చెరువు. వేసవియందును, మబ్బుపట్టిన దినములందును తెల్లవారుజామున చేపలు నీటిమీదికి వచ్చి నోళ్లు తెరచుట మీరు చూచియే యుందురు. కొన్ని చచ్చి తేలినచో, ఎవరో విషము కలిపిరని ఊరిలో తగవు పుట్టును. విషము కలియుటయు కలదు. కాని అనేక పర్యాయములు కారణము ఊపిరి చాలకపోవుటయే. పచ్చని నాచు పగటియెండలో ప్రాణవాయువును విడుచును. రాత్రి తానే పీల్చుకొనును. మురుగు, పేడ, చెత్త కుళ్లుటకును అదియే ఖర్చగును. కావున వేకువజామునకు మిగులునది మిక్కిలి స్వల్పము.

పెద్దలు ఎవరిమీదనైనను నేరము మోపుటకు ముందు మూడు సంగతులు విచారింపవలెను. చేపలు తేలినది ఏ వేళ? నీటి రంగు ఎట్లున్నది? ఎండ వచ్చిన పిమ్మట బ్రతికిన చేపలు తేరుకొన్నవా? తేరుకొన్నచో ఊపిరి కొరత యని తలపవచ్చును. అప్పుడు మేతను, ఎరువును ఆపి, ఇంజనుతో నీటిని తోడి మరల చెరువులోనికే ఎత్తునుండి పడునట్లు చేయవలెను. కారణము తేలువరకు చచ్చిన చేపలను తినరాదు, పశువులను ఆ నీటికి తోలరాదు.

తొట్టెను కనిపెట్టుటకు ప్రదర్శనశాలలో జీతగాండ్రుందురు. చెరువునకు అట్టివారు లేరు. మురుగుకాలువను దానిలోనికి రానీయక మరలించు భారము ఊరివారిదే.