మీకు తెలుసా? గెలీలియో రెండో తరం
అమెరికా జీపీఎస్ సైన్యం చేతిలో ఉంటే, దారిచూపే యూరప్ ఉపగ్రహ వ్యవస్థ గెలీలియో పౌర యంత్రాంగం ఆధ్వర్యంలో నడుస్తోంది. ఈ ఉపగ్రహాలు దాదాపు 23,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. వాటికి బొమ్మల పోటీల్లో గెలిచిన పిల్లల పేర్లు పెట్టడం ముచ్చటైన సంగతి.

రెండో తరం కోసం యూరోపియన్ కమిషన్ 2021లో దాదాపు 147 కోట్ల యూరోల కాంట్రాక్టులు ఇచ్చింది. మొత్తం 12 ఉపగ్రహాల్లో ఆరు ఇటలీలోని థేల్స్ అలేనియా స్పేస్‌కు, ఆరు జర్మనీలోని ఎయిర్‌బస్‌కు దక్కాయి. పని రెండు చోట్ల సాగితే ఒకే సంస్థ మీద ఆధారపడే బెడద ఉండదు. విచిత్రమేమంటే, మొదటి తరంలో ఎక్కువ ఉపగ్రహాలు తయారుచేసిన జర్మనీ సంస్థ ఓహెచ్‌బీకి ఈసారి ఒక్కటీ రాలేదు. ఆ సంస్థ కోర్టుకెక్కింది.

దారి చూపడంలో అసలు కీలక పాత్ర గడియారాలదే. సెకనులో వందకోట్లవ వంతు కాలంలో ఉపగ్రహం పంపే సంకేతం 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే గడియారం అంత తప్పినా దూరం లెక్క అంత మేర తప్పుతుంది. అందుకే పాతవాటిలో నాలుగేసి ఉన్న అణు గడియారాలను కొత్తవాటిలో ఆరుకు పెంచారు. ఈ ఉపగ్రహాలు విద్యుత్ చోదక శక్తితో పై కక్ష్యకు చేరగలవు. నేలమీది కేంద్రాల ప్రమేయం లేకుండా ఒకదానితో ఒకటి సమాచారం పంచుకోగలవు కూడా.