మంచు పేరే కొండల్లోనూ మళ్లీ మళ్లీ పూసే మొక్కలు

ఊటీ, కూనూరు వైపు కొత్తగా కాపురం పెట్టిన మనవాళ్లు సంఘం ఆఫీసుకు వస్తే తరచూ అడిగే మాట ఒకటుంది. "ఏం పెట్టినా డిసెంబరులో మాడిపోతోందండీ, పూజకు నాలుగు పూలు కూడా కొనుక్కోవాల్సిందేనా?" అక్కర్లేదు. మేమూ మొదట్లో కింద ఊళ్ల నుంచి మల్లె, కనకాంబరం, కరివేపాకు మోసుకొచ్చి పెట్టినవాళ్లమే. ఒక్క రాత్రి మంచుకు ఆకులన్నీ ఉడికినట్టు నల్లబడ్డాయి. తప్పు చేతిది కాదు, ఎంచుకున్న మొక్కలది.

ఊటీ సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో మబ్బూ గాలీ లేని రాత్రి గడ్డిమీద తెల్లగా మంచు పేరుతుంది. చల్లగాలి బరువుగా ఉండి పల్లానికి జారుతుంది. అందుకే ఒకే వీధిలో పై ఇంటి మొక్క బతికి కింది ఇంటిది మాడుతుంది. మొక్క నాటేముందు మీ స్థలంలో పల్లం ఎటుందో చూసుకోండి.

ఇలాంటి చోట నిలిచేవి ఏళ్ల తరబడి బతికే మొక్కలు. వీటిలో చాలావాటికి పైభాగం ఎండినా ప్రాణం మట్టి కింద వేళ్లలోనో దుంపలోనో ఉంటుంది. జనవరిలో ఎండిన కాడలు చూసి చచ్చిందనుకుని పీకేయడమే కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు. ఆ ఎండు కాడలే మొదలుకు దుప్పటి. మంచు పోయేదాకా వాటిని ముట్టుకోవద్దు.

మొదటి మొక్కగా మేం చెప్పేది చామంతి. పూజకూ, జడకూ పనికొస్తుంది. పూలు అయిపోయి మంచు తగ్గాక జానెడు కంటే తక్కువ ఎత్తుకు కత్తిరిస్తే, మొదట్లోంచి పిలకలు వస్తాయి. వేళ్లతో సహా వాటిని విడదీసి వేరుగా నాటుకోవాలి. కొంచెం ఎదిగాక చివుళ్లు గిల్లుతూ ఉంటే గుబురుగా వస్తుంది. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే చామంతి మొగ్గ తొడుగుతుంది. వీధి దీపం వెలుగు రాత్రంతా పడే చోట పెడితే ఆకులే మిగులుతాయి. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది కాబట్టి వానాకాలానికి ముందే మట్టి కాస్త ఎత్తు చేయాలి.

రెండోది హైడ్రాంజియా. నీలగిరి మట్టి పులుపు గుణం గలది, తేయాకుకు అదే ఇష్టం. ఆ మట్టిలో హైడ్రాంజియా నీలంగా పూస్తుంది. సున్నం రాలే గోడ పక్కన పెడితే గులాబీ రంగుకు తిరుగుతుంది. దీనికి మొగ్గ నిరుటి కొమ్మ మీదే వస్తుంది. ఒక ఏడాది సంఘం ముందున్న పొదను చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని జనవరిలో మేమే నరికేశాం. ఆ ఏడాది ఒక్క పువ్వు లేదు! వాడిన గుత్తిని పువ్వు అయిన వెంటనే తుంచాలి తప్ప చలికాలంలో కత్తెర పెట్టకూడదు.

ఇక డేలిల్లీ, ఆగపాంథస్. ఈ రెంటికీ పెద్దగా చేసేదేమీ లేదు, నాలుగైదేళ్లకోసారి గుంపు ఇరుకైతే తవ్వి విడదీయడమే. డాలియా దుంప పంచుకునేటప్పుడు మాత్రం మెడ దగ్గర కన్ను ఉన్న ముక్కే తీసుకోండి. కన్ను లేని దుంప ఎంత లావుదైనా మొలవదు.

తెల్ల గరాటులా పూసే ఆరం లిల్లీ విషయంలో ఒక హెచ్చరిక. దాని ఆకు మన చేమాకును పోలి ఉంటుంది గానీ తింటే నోరు, గొంతు మండి వాచిపోతాయి. పిల్లలున్న ఇంట జాగ్రత్త. పైగా అది వాగుల్లోకి, చిత్తడి నేలల్లోకి పాకి అక్కడి గడ్డీ గాదాన్ని మింగేస్తుంది. పీకిన దుంపలు వాగులో పారేయవద్దని మనవి.

ఆకాశం తేటగా ఉన్న సాయంత్రం లేత మొక్కల మీద ఎండుగడ్డో పాత చీరో కప్పి, పొద్దెక్కాక తీసేయండి. ప్లాస్టిక్ కప్పితే దానికి తగిలిన ఆకు మాడుతుంది.

కొడైకానల్‌లోనూ, ఒడిశాలో దారింగ్‌బాడి వైపూ ఉన్న మనవాళ్లకు కూడా ఈ పద్ధతులు చాలావరకు పనికొస్తాయి. ఫిబ్రవరి చివర మా వరండాలో చామంతి పిలకలు విడదీసి పెడతాం. కావలసినవారు ఆదివారం ఉదయం రండి, డబ్బులక్కర్లేదు. సంచి మాత్రం మీరే తెచ్చుకోవాలి.