విత్తనాన్ని అమ్ముకోని రైతు

మోర్తాడ్ చుట్టుపక్కల పల్లెల్లో పసుపు తవ్వాక రైతు మంచి కొమ్ములను ఏరి నీడలో దాస్తాడు. మిగతా పంటను ఉడికించి, ఎండబెట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలుతాడు. ధర ఎంత పలికినా దాచిన విత్తనం జోలికి పోడు. దాన్ని అమ్ముకుంటే వచ్చే ఏడు చేను బీడు పడుతుందని అతనికి తెలుసు.

మరి పిల్లల చదువుకు మనం విత్తనం దాస్తున్నామా?

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక తల్లి కన్నీళ్లతో వచ్చింది. కూతురికి నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. పెళ్లికని కూడబెట్టిన డబ్బుంది గానీ చదువుకని పైసా లేదు. పెళ్లి డబ్బు ముట్టుకోవద్దని గల్ఫ్‌లో ఉన్న భర్త పట్టుబట్టాడు. ‘ప్రార్థన చేయండి అయ్యగారూ’ అంది. ప్రార్థించాం. కానీ ఆ బిడ్డ పసికందుగా ఉన్నప్పుడు చేతుల్లోకి తీసుకుని దీవించిన మేము, ఆమె చదువు కోసం దాచమని ఏనాడూ చెప్పలేదే అన్న ఆలోచన మమ్మల్ని గుచ్చింది.

దాచుకోవడం అవిశ్వాసమని కొందరు విశ్వాసులు అనుకుంటారు. ఐగుప్తులో యోసేపు సమృద్ధిగా పండిన ఏడేళ్లూ పంటలో ఐదో వంతు నిలువ చేయించాడు. కరువును ముందే తెలియజేసిన దేవుడే దాచే జ్ఞానాన్నీ ఇచ్చాడు. యేసు ప్రభువు చెప్పిన ఉపమానంలోని ధనవంతుడు కూడా కొట్లు కట్టాలనుకున్నాడు. అయితే అతడు తన సుఖం కోసం దాచుకోబోయాడు. యోసేపు ఇతరుల ప్రాణాల కోసం దాచాడు. తేడా అంతా అక్కడే ఉంది.

ఆడపిల్లల కోసం 2015లో మొదలైన సుకన్య సమృద్ధి ఖాతా అలాంటి కొట్టే. పదేళ్లలోపు పాప పేరున పోస్టాఫీసులోగానీ బ్యాంకులోగానీ తెరవవచ్చు. ఏడాదికి కనీసం 250 రూపాయలు, గరిష్ఠంగా లక్షన్నర చొప్పున 15 ఏళ్లు కట్టాలి. పదో తరగతి పాసయ్యాకగానీ 18 ఏళ్లు నిండాకగానీ పైచదువుకు నిల్వలో సగం వరకు తీసుకోవచ్చు. వడ్డీపై పన్ను లేదు. కట్టిన సొమ్ముకు ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగుల వంటివారికి దక్కుతుంది. వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు గనుక రైతుకు దానితో పనిలేదు. అయినా చేతికి తేలిగ్గా అందని చోట డబ్బు ఉండటమే అతనికి మేలు. మగపిల్లలకైతే 15 ఏళ్ల పీపీఎఫ్ ఉంది. దానికి ఏడాదికి 500 రూపాయలు చాలు.

అయితే 18 ఏళ్లు నిండాక పెళ్లి పేరుతో సుకన్య ఖాతాను మూసేసే వీలూ ఉంది. కాబట్టి ఖాతా ఒక్కటే చాలదు, తల్లిదండ్రుల మనసు కూడా మారాలి. కట్నంగా ఇచ్చే సొమ్ము పరాయి ఇంటికి పోతుంది. చదువు బిడ్డతోనే ఉంటుంది.

ఆ తండ్రి చివరికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు దీవెన కోసం బిడ్డను తెచ్చిన ప్రతి తల్లినీ తండ్రినీ మేము ఒక మాట అడుగుతున్నాం: ‘ఈ బిడ్డ చదువుకు విత్తనం పక్కన పెట్టారా?’