గ్రామసభలో ప్రతి ఓటరూ సభ్యుడే

నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాల పాలన పురపాలక సంఘాల చేతిలో ఉండగా, మండల కేంద్రమైన అవుకులో ఆ బాధ్యత గ్రామ పంచాయతీది. ఈ రెండింటి మధ్య ముఖ్యమైన వ్యత్యాసం ఒకటి ఉంది. పురపాలక మండలి సమావేశంలో ఓటు హక్కు సభ్యులకే పరిమితం. గ్రామంలో మాత్రం పంచాయతీతో పాటు గ్రామసభ కూడా ఉంటుంది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే.

1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించింది. దానికి అనుగుణంగా రూపొందిన 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం, గ్రామసభ ఏటా కనీసం రెండుసార్లు సమావేశం కావాలని నిర్దేశించింది. సభకు సర్పంచ్ అధ్యక్షత వహిస్తారు.

పంచాయతీ వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక, గత సంవత్సరపు పాలనా నివేదిక, చేపట్టబోయే పనుల ప్రణాళిక సభ ముందుంచాలి. కొత్త పన్నులు విధించాలన్నా, ఉన్నవి పెంచాలన్నా ఆ ప్రతిపాదనలు ఇక్కడ చర్చకు రావాలి. పథకాల లబ్ధిదారుల ఎంపిక కూడా సభ పరిశీలనాంశమే.

సర్పంచ్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. ఉప సర్పంచ్‌ను పంచాయతీ సభ్యులు ఎన్నుకుంటారు. గ్రామసభను సమావేశపరచడంలో విఫలమైన సర్పంచ్ పదవిని కోల్పోయే నిబంధన సైతం చట్టంలో ఉంది.

అయితే హాజరు పలుచగా ఉన్న సభలో లెక్కలు చదివి ముగించడం సులువు. వీధి దీపానికైనా, మురుగు కాలువకైనా ఖర్చయిన ప్రతి రూపాయికీ లెక్క అడిగే హక్కు, ఓటరు సభకు వచ్చినప్పుడే సార్థకమవుతుంది.