ఎండ కోసం డాలస్ వెళ్తున్నారా? ముందు ఈ లెక్క చూడండి

చికాగోలో ఉండే నా ఫ్రెండ్ లాస్ట్ వీక్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, మంచు ఎత్తిపోసి ఎత్తిపోసి నడుం పడిపోతోందిరా. డాలస్ వెళ్లిపోతున్నాం. ఎండ ఉంటుంది, స్టేట్ ట్యాక్స్ లేదు, మనవాళ్లంతా అక్కడే. వెళ్లగానే ఇల్లు కొనేస్తా" అన్నాడు. వాడిది హెచ్-1బీ. భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. వాడికి ఏం చెప్పానో మీకూ అదే చెప్తాను.

ముందు ట్యాక్స్. ఇల్లినాయిస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ 4.95 శాతం. ఏడాదికి లక్షన్నర డాలర్ల జీతమైతే సుమారు 7,000 డాలర్లు పోతాయి. టెక్సస్‌లో అది సున్నా, నిజమే. కానీ అక్కడ స్కూళ్లు, ఊళ్లు ఎక్కువగా ప్రాపర్టీ ట్యాక్స్ మీద నడుస్తాయి. చికాగోలోనూ ఆ ట్యాక్స్ ఎక్కువే. కాకపోతే వాడు అక్కడ అద్దెకున్నాడు, ఇక్కడ కొంటానంటున్నాడు.

డాలస్ చుట్టుపక్కల ఈ రేటు ఊరిని బట్టి సుమారు 1.7 నుంచి 2.5 శాతం దాకా ఉంటుంది. ఎందుకింత తేడా? ఊరి చివర కొత్త కమ్యూనిటీల్లో నీళ్ల లైన్లు, డ్రైనేజీ వేయడానికి తెచ్చిన అప్పుని ఇళ్లవాళ్ల నుంచే వసూలు చేస్తారు. దాన్ని మడ్ ట్యాక్స్ అంటారు. 4.5 లక్షల డాలర్ల ఇంటికి 1.7 శాతమైతే 7,650, 2.5 శాతమైతే 11,250. అంటే ఒకే ధర ఇళ్లు రెండింటికి నెలకు 300 డాలర్ల తేడా! సొంతంగా ఉండే ఇంటికి హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ ఉంటుంది, కొంత తగ్గుతుంది. అప్లై చేయడం మర్చిపోకండి.

రెండోది వడగళ్లు. నవ్వకండి! ఉత్తర టెక్సస్‌లో వసంతకాలంలో పడే వడగళ్లకి ఇంటి పైకప్పులే మార్చాల్సి వస్తుంది. ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. కానీ చాలా పాలసీల్లో వడగళ్ల నష్టానికి ముందు మన జేబులోంచి పెట్టాల్సింది శాతాల్లో ఉంటుంది. 4.5 లక్షలకి చేయించిన ఇంటికి 2 శాతమంటే 9,000 డాలర్లు. పాలసీలో ఆ ఒక్క లైన్ చదివాకే సంతకం పెట్టండి.

ఇక ఎండ. "బెజవాడ ఎండలు చూసినోళ్లం, ఇదెంత" అన్నాడు మావాడు. 2011లో డాలస్‌లో 71 రోజులు 100 ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీలు దాటింది. పోనీ చలి తప్పుతుందా? 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి టెక్సస్‌లో 45 లక్షల ఇళ్లకి, వ్యాపారాలకి కరెంటు పోయింది, 240 మందికి పైగా చనిపోయారు. మన అమ్మానాన్నలు సాధారణంగా మేలో వస్తారు, ఆరు నెలలుంటారు. కారు లేకపోతే కూరగాయలకి కూడా వెళ్లలేని చోట, జూలైలో ఎనిమిదిన్నర దాకా పొద్దు గుంకని చోట, వాళ్లు వాకింగ్‌కి ఎప్పుడు వెళ్తారు? అదీ ఆలోచించాలి.

అన్నిటికంటే ముఖ్యం, హెచ్-1బీ వాళ్లు జాగ్రత్త. "నాది వర్క్ ఫ్రమ్ హోమే కదా" అని సామాన్లు సర్దేయకండి. పనిచేసే చోటు వేరే మెట్రో ఏరియాకి మారితే, అక్కడ పని మొదలుపెట్టక ముందే కంపెనీ అమెండ్‌మెంట్ ఫైల్ చేయాలి. ఇల్లూ పనిచేసే చోటే!

అయితే వెళ్లొద్దా? వెళ్లండి. ఫ్రిస్కోలో హనుమంతుడి గుడి ఉంది, పక్కింట్లో తెలుగు వినిపిస్తుంది, పండక్కి పిల్లలు ఒంటరిగా ఉండరు. అదీ విలువైనదే. కాకపోతే ఆగస్టులో ఒక వారం వెళ్లి చూడండి. మొదటి ఏడాది అద్దెకుండండి. పాపకి సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్. ఏ స్కూలన్నది మామూలుగా అడ్రస్‌ని బట్టే వస్తుంది కాబట్టి, ముందు స్కూలు చూసి తర్వాత అపార్ట్‌మెంట్ వెతకండి.

ఇదంతా విని మావాడు ఇల్లు కొనడం వాయిదా వేశాడు. డాలస్ టికెట్ మాత్రం బుక్ చేశాడు, ఆగస్టుకే!