అండమాను చెరసాల

విజయనగరము, శ్రీకాకుళము సీమలవారమగు మనకు సముద్రము క్రొత్త కాదు. భీమునిపట్టణము, కళింగపట్టణము రేవుల కథలు పెద్దలవలన వినియే యున్నాము. ఆ సముద్రమునే గోడగా చేసికొన్న చెరసాలను చూడవలెనని మాకు బహుకాలపు కోరిక. మొన్నటి సెలవులలో విశాఖపట్టణమున ఓడ యెక్కి, దాదాపు మూడు దినములకు పోర్ట్ బ్లేరు చేరితిమి. ఆ పట్టణమునకు 2024లో శ్రీ విజయపురమని పేరు పెట్టిరి.

సముద్రపుటొడ్డున, మిట్టమీద నున్నది సెల్యులర్ జైలు. 1896లో ఆరంభించి 1906లో ముగించిరి. నడుమ గోపురము, దానినుండి బండిచక్రపు టాకులవలె ఏడు బారులు, ప్రతి బారును మూడంతస్తులు. అన్నియు ఒంటిగదులే. ఒక బారు ముంగిలికి మఱియొక బారు వీపు ఎదురగునట్లు కట్టుటచే ఖైదీలు ఒకరి మొగ మొకరు చూడజాలరు. నేడు నిలిచినవి మూడు బారులే. 1979లో దీనిని జాతీయ స్మారకముగా ప్రకటించిరి. సంకెళ్లు, గోనె దుస్తులు, మనుష్యులచే త్రిప్పించిన నూనెగానుగ నమూనా అచట చూచితిమి. పట్టణమందలి నౌకాదళమువారి సముద్రిక ప్రదర్శనశాలలో గవ్వలు, పగడములు పిల్లలను మురిపించినవి. మా మనస్సు మాత్రము ఆ ఒంటిగదులయందే నిలిచెను.

1922-24 నాటి రంప పితూరీలో పట్టుబడిన మన్యమువారిలో కొందఱిని ఈ దీవులకే పంపిరి. లంకలో చెరనున్న సీతమ్మకు హనుమంతుడు ఉంగరము తెచ్చెను. ఆమె చూడామణి నిచ్చి పంపెను. ఈ మన్యపు ఇల్లాండ్రకు సముద్రము దాటి వార్త తెచ్చువా రెవరు? భర్త యున్నాడో లేడో తెలియక పసుపుకుంకుమలు పెట్టుకొన్న దినము లెన్నో! చరిత్ర గ్రంథములలో ఖైదీల పేర్లైన కొన్ని మిగిలినవి. వారి గడపలలో ఎదురుచూచిన స్త్రీల పేర్లు ఎచ్చటను కానరావు.

ఓడలో మాకు పరిచయమైన శ్రీకాకుళపు బెస్తవనిత యొకతె మాతో కూడ జైలు చూడవచ్చినది. మన తీరమునుండి పోయి ఆ దీవులలో స్థిరపడిన తెలుగువారు వేలకొలది కలరు. ఆమె కొడుకును అచటనే వేటకు పోవుచుండును. పైకప్పుమీద నిలిచి నీటిని చూపి, "దీనినే కాలాపాని యని భయపడెడివారు" అని మే మంటిమి. ఆమె నవ్వి, "మాకిది గోడేటమ్మా, ఈదే గదా!" అన్నది. కాని క్రిందికి దిగివచ్చి ఒంటిగది తలుపు చూడగనే నవ్వు మాని, గడప కద్దుకొని కండ్లు తుడుచుకొన్నది.

అచటికి బోవు సోదరీమణులు ఆ గడప యొద్ద ఒక్క నిమిషము నిలువుడు. లోపల నున్నవారినే కాక, ఈవలి యొడ్డున వేచియున్నవారినికూడ తలచుకొనుడు.