పరిశోధకుల లెక్కయు రైతుల మాటయు

కొత్త విత్తనమో కొత్త పనిముట్టో వచ్చినపుడు రైతు వెంటనే చేపట్టకున్నచో, “పల్లెవారికి ధైర్యము లేదు, పాతదానిని విడువరు” అని పట్టణములయందు అనుట చిరకాలముగా నున్నది. ఈ నింద నిజమా కాదా యని ఊహతో గాక, పల్లెలో నివసించి, లెక్క వేసి చూచినవారు కలరు. ఆ వృత్తాంతము సహకార సంఘ సభ్యులందఱును తెలిసికొనదగినది. అందు కొంతభాగము మన తెలుగు పల్లెలలోనే జరిగినది.

1972వ సంవత్సరమున హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరువులో మెట్టపంటల కొఱకు ఒక అంతర్జాతీయ పరిశోధన సంస్థ వెలసెను. దానినే ఇక్రిశాట్ అందురు. జొన్న, సజ్జ, కంది, సెనగ, ఆపైని వేరుసెనగ దాని పంటలు. పలు దేశముల శాస్త్రజ్ఞు లచట చేరిరి. అయితే సంస్థ పొలములలో పండినంతమాత్రమున రైతు పొలములో పండునను నమ్మిక లేదు గదా! అందుచే 1975లో వారు ఆఱు పల్లెలను ఎన్నుకొనిరి. నాటి మహబూబ్‌నగరు జిల్లాలో అవురుపల్లి, డోకూరు. మహారాష్ట్రమున షోలాపురము, అకోలా జిల్లాలలో రెండేసి గ్రామములు.

ఇన్ని తావు లేల? అవురుపల్లిలో ఎఱ్ఱనేలలు, ఆముదము, జొన్న, కంది అచటి పంటలు. షోలాపురమున లోతైన నల్లరేగడి. వానకాలమున చేను బీడుంచి, నేలలో నిలిచిన చెమ్మతో రబీజొన్న పండింతురు. అకోలాలో వాన కొంత నమ్మదగినది; అచట పత్తి ప్రధానము. ఒకే మందు మూడు రోగములకు పనికిరానట్లు, ఒకే సలహా యీ మూడు సీమలకు చెల్లదు.

ప్రతి గ్రామమున నలువది కుటుంబములను తీసికొనిరి. ముప్పది సేద్యపు కుటుంబములు: చిన్న, నడిమి, పెద్ద కమతములవారు పదేసి, తక్కిన పది కూలి కుటుంబములు. ఆ సీమ భాష నెఱిగిన ఉద్యోగి యొకడు ఊరిలోనే కాపుర ముండి, మూడు నాలుగు వారముల కొకసారి ప్రతి యింటికిని పోయి, పంట, కూలి, అప్పు, తిండి, పశువుల లెక్కలు వ్రాసికొనెడివాడు. కొన్ని పల్లెలలో ఈ పని పదేండ్ల వఱకు సాగెను.

ఇచటనే మొదట చెప్పిన నింద పరీక్షకు వచ్చెను. హాన్స్ బిన్స్‌వాంగర్ అను ఆర్థికశాస్త్రవేత్త ఈ పల్లెలలో ఒక బొమ్మా బొరుసు పరీక్ష నడపెను. ఏది పడినను నిశ్చయముగా అర్ధరూపాయి పుచ్చుకొనవచ్చును. లేదా ఒక ప్రక్క పడిన రెండు రూపాయలు, రెండవ ప్రక్క పడిన ఏమియు లేకుండుట కొప్పుకొనవచ్చును. ఈ రెంటి నడుమ మఱికొన్ని బేరములు కలవు. ఓడినవాని చేతి సొమ్ము పోదు. గెలిచినవానికి నిజముగా సొమ్ము ముట్టును. క్రమముగా పందెము పదింతలు, నూఱింతలు చేసిరి. 1980లో వెలువడిన ఫలిత మేమనగా: పందెము పెద్దదైన కొలదిని బీదవాడును, కలవాడును ఇంచుమించు ఒకే తీరున, మితముగా జాగ్రత్తపడిరి. కావున బీదరైతు కొత్త పద్ధతిలో వెనుకబడుటకు అతని పిఱికితనము కారణము గాదు; సమయమునకు అప్పు, ఎరువు, సలహా, అంగడి అందకపోవుటయే ముఖ్య కారణమని తేలెను. నింద రైతు మనస్సునుండి తొలగి, ఋణపు కొఱత మీదికి మఱలెను. సహకార పరపతి సంఘమునకు ఇంతకంటె బలమైన సాక్ష్య మేమి కావలెను?

రైతు మాట వినని చోట జరుగు నష్టమునకును అచటనే తార్కాణము కలదు. నల్లరేగడి కొఱకు ఎత్తుమళ్లు, కాలువల పద్ధతియు, దానికి దున్నుట, విత్తుట, గుంటక తోలుట అన్నియు చేయగల ఎడ్ల చక్రపు పనిముట్టును శాస్త్రజ్ఞులు సిద్ధపఱచిరి. సంస్థ పొలములలో ఫలితములు మెచ్చదగినవిగా నుండెను. 1981 ప్రాంతమున మెదకు జిల్లా తాడ్‌దాన్‌పల్లి రైతుల చేలలోను పరీక్షించిరి. కాని ఆ పనిముట్టు వెల హెచ్చు, బరువు హెచ్చు, చిన్న మడిలో త్రిప్పుట కష్టము. నాగలి, గొఱ్ఱు, గుంటక చేతనున్న రైతు దానిని కొనలేదు. ఇట్టి పనిముట్లు నిర్దోషముగా తయారై కూడ పలు దేశములలో త్రోసివేయబడెనని 1988లో పాల్ స్టార్కీ యొక గ్రంథమే వ్రాసెను. వెల నిర్ణయమునకు ముందే నాలుగు కమతములవారిని అడిగియుండిన, ఆ శ్రమ వేఱొక దారిని పట్టియుండెడిదేమో!

ఈ లెక్కలనే చూచి, రాబర్ట్ టౌన్‌సెండ్ అను అమెరికా పండితుడు 1994లో మఱియొక సంగతి ప్రకటించెను. ఒక యింటి రాబడి పడిపోయినను, ఆ యింటి తిండిఖర్చు అంతగా పడిపోలేదు. ఊరివా రందఱి ఖర్చుతోబాటు నడచెను. ఇచ్చిపుచ్చుకొనుటలు ఒకరి నొకరు నిలబెట్టుచున్నవన్నమాట. కాని కఱవు ఊరినంతను ఒక్కసారి పట్టినపుడు ఇరుగుపొరు గేమి చేయగలరు? ఊరి సంఘము జిల్లా బ్యాంకుతో ముడిపడుట అందుకే.

ఈ లెక్కల పని 2001లో మఱల మొదలై, 2009 తరువాత తూర్పు భారతమునకును బంగ్లాదేశమునకును వ్యాపించెను. దేశదేశముల విశ్వవిద్యాలయములలో మన పల్లెల లెక్కలు చదువబడుచున్నవి. ఇది గౌరవమే. కాని సహకారమనగా ఒకరు ప్రశ్నించుట, వేఱొకరు బదులు చెప్పుట మాత్రమే కాదు.

కావున ప్రశ్నలు పట్టుకొని యెవరేని మీ గ్రామమునకు వచ్చినపుడు వారిని ఆదరింపుడు, నిజము చెప్పుడు. మీ సంఘము పక్షమున నాలుగు మాటలు ముందే అడుగుడు. ఈ ప్రశ్న లెవరి మేలు కొఱకు? పరీక్షలో పంట పోయిన నష్ట మెవరిది? కూలివారిని, స్త్రీలను కూడ అడుగుదురా? ఫలితమును ఎన్నడు, మా భాషలో, మా సర్వసభ్య సమావేశమున చదివి వినిపింతురు? మన యింటినుండి వెడలిన లెక్క మరల మన యింటికి రావలెను. పాలేరుకు కూలి యెట్లో, చెప్పినవానికి ఫలిత మట్లు. అది బాకీ, దయ కాదు. ఆ బాకీని ఒంటరి రైతు వసూలు చేయలేడు, సంఘము చేయగలదు.